పిడి దగ్గర బిళ్ల

సమురాయ్ సినిమాల్లో కత్తి దూసే ముందు ఒక చిన్న కదలిక ఉంటుంది. ఎడమ చెయ్యి ఒర మూతిని పట్టుకుంటుంది. బొటనవేలు పిడి ముందున్న లోహపు బిళ్లను మెల్లగా ముందుకు నెడుతుంది. ఒరలో బిగిసి ఉన్న కత్తి కాస్త వదులవుతుంది. ఆ తర్వాత జరిగేదంతా రెప్పపాటులో అయిపోతుంది. చూసేవాళ్ల కళ్లు అలుగు వెంట పరుగెత్తుతాయి కాబట్టి, బొటనవేలు ఆనిన ఆ బిళ్ల సంగతి ఎవరికీ పట్టదు. జపనీయులు దాన్ని త్సుబా అంటారు. పెద్ద కత్తికి తొడిగేదైతే ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. అంత కొద్ది చోటులో కొన్ని వందల ఏళ్ల పాటు జపాన్ కమ్మర్లు, నగిషీ పనివాళ్లు తమ ఋతువుల్ని, కథల్ని, దేవుళ్లని, పొలాల్లోని గడ్డిపరకల్ని కూడా చెక్కుకుంటూ వచ్చారు. జపాన్ కత్తి గురించి లోకంలో చాలామంది చాలా రాశారు. ఈ బిళ్ల గురించి కాసేపు మాట్లాడుకుందాం.

దాని అసలు పని చాలా మామూలుది. పొడిచేటప్పుడు పట్టు జారి చెయ్యి అలుగు మీదికి పోకుండా ఆపుతుంది. ఎదుటివాడి కత్తి జారుకుంటూ వచ్చి వేళ్లను తెగ్గొట్టకుండా అడ్డుపడుతుంది. తన బరువుతో కత్తిని చేతిలో సమంగా నిలబెడుతుంది. నడుమ ఉన్న సన్నని ముక్కోణపు కన్నంలోంచి కత్తి కాడ పిడిలోకి దిగుతుంది. ఆ కన్నానికి అటొకటి ఇటొకటి చిన్న రంధ్రాలు కూడా చాలా బిళ్లలకు ఉంటాయి. ఒర పక్కన దోపుకునే చిన్న చాకు ఒక రంధ్రంలోంచి, జుట్టు సవరించుకునే లోహపు పుల్ల రెండో రంధ్రంలోంచి బయటికి వస్తాయి. కన్నం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో కొంత మేర నున్నగా వదిలేస్తారు. కత్తి బిగించినప్పుడు పలచని లోహపు రేకులు ముందూ వెనకా వచ్చి కూర్చునే చోటది. ఆ చోటును గుర్తుపెట్టుకోవాలి. దాని దగ్గరికి మళ్లీ వస్తాం.

ఈ పని పతాక స్థాయికి చేరింది యుద్ధాల కాలంలో కాదు. 1615లో ఒసాకా కోట పడిపోయింది. 1637-38లో షిమబరా తిరుగుబాటును అణిచేశారు. ఆ తర్వాత తొకుగవా షోగన్ల పాలనలో రెండు వందల ఏళ్లకు పైగా జపాన్‌లో పెద్ద యుద్ధమంటూ జరగలేదు. సమురాయ్ నడుముకు రెండు కత్తులూ వేలాడుతూనే ఉన్నాయి గానీ వాటిని దూయడానికి సందర్భం లేదు. దూస్తే తల దక్కదు. 1701లో అసనో నగనోరి అనే యువ ప్రభువు ఎదో నగరంలోని షోగన్ కోటలో, తనను అవమానించిన అధికారి మీద చిన్న కత్తి దూశాడు. ఆ అధికారి గాయంతో బతికాడు. అసనో మాత్రం ఆ రోజే తన పొట్ట తాను చీల్చుకుని చావవలసి వచ్చింది. నలభై ఏడుగురు సేవకుల ప్రతీకారంగా జపాన్ నాటకరంగంలోనూ సినిమాల్లోనూ పేరుపడ్డ కథ అక్కడే మొదలైంది. అదే ఏడాదికి యొకొయా సోమిన్, త్సుచియా యసుచిక అనే ఇద్దరు నగిషీ పనివాళ్లు ముప్పై ఒకటో ఏట ఉన్నారు. ఇద్దరూ 1670లో పుట్టినవాళ్లే. జపాన్ లోహశిల్పంలో ఈ రెండు పేర్లకూ ఉన్నంత గౌరవం మరి కొద్ది పేర్లకే ఉంది. కోటలో కత్తి దూయడం చావుకు దారి అయిన ఊళ్లోనే, ఆ కత్తికి తొడిగే బిళ్ల మీద వీళ్లు గులాబీని మించిన రేకులతో పియోనీ పూలు పూయించారు.

ఆ శాంతి అందరికీ తీయగా లేదన్నది నిజం. 1588లోనే అప్పటి పాలకుడు హిదెయోషి రైతుల ఇళ్లలోంచి కత్తులు లాగేసుకున్నాడు. రెండు కత్తులు కట్టే హక్కు ఒక కులానికి మాత్రమే మిగిలింది. ఆ కులమైనా దాన్ని వాడుకోవడానికి వీల్లేదు. నడుముకు వేలాడే ఇనుము హోదాకు గుర్తుగా మారింది. కోటలో కొలువుకు వెళ్లేటప్పుడు ఏ రంగు ఒర, ఏ రంగు తాడు, ఎలాంటి బిళ్ల ఉండాలో కట్టుబాట్లు ఉండేవి. నల్లని ఒర, ఏ బొమ్మా లేని నున్నని నల్ల బిళ్ల కొలువు మర్యాద. కొలువు దాటి బయటికి వస్తే మాత్రం ఎవరి అభిరుచి వారిది. అలుగును మార్చడం తేలిక కాదు, అవసరమూ ఉండదు. బిళ్లను మార్చడం తేలిక. తాతల కత్తికి కొత్త బిళ్ల తొడిగేవారు. నచ్చిన పాత బిళ్లను కొత్త కత్తికి సర్దేవారు. నడిమి కన్నం పైనా కిందా రాగి ముక్కలు కూరి, కన్నం అంచుల్ని ఉలితో కొట్టి ఇరుకు చేసి, కొత్త కాడకు సరిపోయేలా బిగించేవారు. పాత త్సుబాను చేతికి తీసుకుంటే ఈ ఉలి గాట్లు, రాగి ముక్కలు కనిపిస్తాయి. కొన్నిటి మీద అవి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఆ బిళ్ల ఎన్ని కత్తులు మారిందో అవి చెబుతాయి. నగిషీ ఎంత గొప్పగా ఉన్నా నా చూపు ముందు ఈ గాట్ల మీదే నిలుస్తుంది.

చిత్రకారుడికి ఖాళీ కాగితం దొరుకుతుంది. త్సుబా పనివాడికి దొరికేది నడిమధ్య కన్నం పడ్డ బిళ్ల. బొమ్మకు ప్రాణమైన చోటంతా కత్తి కాడకే పోతుంది. పక్క రంధ్రాలు మరికొంత మింగేస్తాయి. మిగిలేది చుట్టూ ఉంగరంలాంటి కొంచెం చోటు. దాంట్లో కొండ, వాగు, పడవ, పడవలో ముసలివాడు పట్టాలి. పట్టడమే కాదు, కన్నం అక్కడ లేదన్నట్టు కన్ను కదిలిపోవాలి. పదహారో శతాబ్దంలో క్యోటో దగ్గరి ఫుషిమిలో పనిచేసిన కనెయియె ఈ చిక్కుముడిని ఎంత హాయిగా విప్పాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పలచని ఇనప రేకు మీద సిరాతో గీసిన చిత్రాల్లాంటి దృశ్యాలు చెక్కాడు. చెట్టుకొమ్మ పట్టుకుని నీళ్లలోని చంద్రుణ్ణి అందుకోబోయే కోతి, ఏటి ఒడ్డున బాటసారి, దూరంగా కొండ. బొమ్మలన్నీ బిళ్ల అంచుల వైపు ఒదిగి ఉంటాయి. నడుమ మిగిలిన ఇనుము పొగమంచులా, ఆకాశంలా అనిపిస్తుంది. బంగారం ఎక్కడో ఒక చుక్క, వెండి ఎక్కడో ఒక గీత. త్సుబా మీద మొదటిసారి ఇలా పూర్తి చిత్రాన్ని నిలిపినవాడు అతనేనని జపాన్ పండితుల మాట.

అంతకు ముందటివి ఇంకా సాదావి. కత్తులు చేసే కమ్మరి, కవచాలు చేసే కమ్మరి తమ పనిలో భాగంగానే బిళ్లలూ కొట్టేవారు. వెడల్పాటి ఇనప రేకు తీసుకుని అందులో ఒక పువ్వో, నెలవంకో, అయిదు అంచెల స్తూపమో ఆ ఆకారం మేరకు కోసి తీసేసేవారు. బొమ్మ ఉండవలసిన చోట ఇనుము ఉండదు. దాని వెనక ఏముంటే అదే పువ్వవుతుంది. కొన్నాళ్లకు ఇది తలకిందులైంది. బొమ్మను మాత్రం మిగిల్చి చుట్టూ ఉన్నదంతా కోసెయ్యడం మొదలుపెట్టారు. క్యోటో పనివాళ్ల చేతిలో అది సన్నని తీగల అల్లికలా నాజూకుగా వచ్చింది. ఒవారి సీమ పనివాళ్ల చేతిలో గట్టిగా, నిబ్బరంగా, తూకం తప్పకుండా వచ్చింది. బంగారం, వెండి ఏమీ లేని ఈ ఇనప జాలీలంటే నాకు మిగతా అన్నిటికంటే ఇష్టం. వాటి మీద పేరు కూడా ఉండదు. రంపంతో కోసి ఆకురాయితో రాసిన ఆ గీతల్లో చేతికి ఉండే బలం తిన్నగా తెలుస్తుంది. కనయమా పేరుతో చెలామణి అయ్యే చిన్న, దళసరి బిళ్లల అంచుల మీద గట్టి ఉక్కు గడ్డలు అక్కడక్కడ ఉబికి ఉంటాయి. ఇనుమును సాగగొట్టేటప్పుడు పూర్తిగా కలిసిపోని ఆ గడ్డల్ని వేరే దేశంలో అయితే లోపమని రాసి సాపు చేసేవారు. అక్కడ వాటిని ఇనుము ఎముకలని పిలిచి ముచ్చటపడ్డారు.

ఆ ముచ్చట ఊరికే పుట్టలేదు. టీ సంస్కారం దాని వెనక ఉంది. హిగో సీమను, అంటే ఇప్పటి కుమమొతో ప్రాంతాన్ని ఏలిన హొసొకవా వంశానికి పెద్ద అయిన తదావోకి, టీ గురువు సెన్ నో రిక్యూకి ముఖ్య శిష్యుల్లో ఒకడు. పగిలి అతికించిన గిన్నెలో, గరుకు మట్టిలో అందం చూడటం నేర్చుకున్న మనిషి. ఆయన నీడన హిగోలో కొన్ని కుటుంబాలు త్సుబా పనిలో స్థిరపడ్డాయి. వాళ్లలో పేరు మోసిన హయాషి మతషిచి తుపాకులు చేసే ఇంటి నుంచి వచ్చాడు. ఇనుము మీద అడ్డంగా నిలువుగా వెంట్రుకంత సన్నని గాట్లు పెట్టి, ఆ గరుకు మీద బంగారు రేకును పరిచి సుత్తితో కొట్టి పట్టించే పనిలో అతనికి సాటి లేరంటారు. కత్తి విద్యలో పేరుపడ్డ మియమొతో ముసషి కూడా 1640లో హొసొకవాల అండన కుమమొతో చేరి, 1645లో అక్కడే పోయాడు. ఆయన స్వయంగా చేశాడని చెప్పే త్సుబా నమూనా ఒకటి ఉంది. రెండు వైపులా రెండు పెద్ద కోడిగుడ్డు ఆకారపు ఖాళీలు, చుట్టూ ఇనుము, అంతే. అరవైకి పైగా పోటీల్లో ఓడలేదని చెప్పుకున్న మనిషికి అంతకు మించిన నగిషీ అక్కర్లేకపోయింది.

ఇక రంగుల సంగతి. జపాన్ లోహపు పనివాళ్ల అసలు విద్య ఇక్కడుందని నా అభిప్రాయం. రంగు పూయలేదు, మీనా పని మీద పెద్దగా ఆధారపడలేదు. లోహాల్లోంచే రంగుల్ని రాబట్టారు. రాగిలో నూటికి మూడు నుంచి అయిదు పాళ్ల బంగారం కలిపి కరిగిస్తే చూడటానికి మామూలు రాగిలాగే ఉంటుంది. దాని పేరు షకుదో. దాన్ని చెక్కి, నున్నగా చేసి, మకిలి లేకుండా కడిగి, తురిమిన ముల్లంగి పట్టించి, చిలుము, మైలుతుత్తం కలిపిన నీళ్లలో మరిగిస్తే కొంతసేపటికి కాకి రెక్క నలుపు తేలుతుంది. ఆ నలుపు అడుగున ఊదా రంగు నిగారింపు ఉంటుంది. రాగిలో నాలుగో వంతు వెండి కలిపిన లోహం అదే నీళ్లలో మరిగితే తెల్లవారకముందు ఆకాశంలా బూడిద రంగుకు వస్తుంది. ఏమీ కలపని రాగి ఎర్రమట్టి రంగు తిరుగుతుంది. బంగారం, వెండి మాత్రం తమ రంగు తాము నిలుపుకుంటాయి. అంటే ఒకే బిళ్ల మీద ఇన్ని లోహాలు పొదిగి ఒక్కసారి మరిగిస్తే, ఒక్కొక్కటి తన రంగుతో లేచి వస్తుంది. పొదిగేటప్పుడు పనివాడి కళ్లకు ఆ రాగి మిశ్రమాలన్నీ దాదాపు ఒక్కలాగే రాగి రంగులో ఉంటాయి. నల్ల కాకి ఎక్కడ, బూడిద కొంగ ఎక్కడ, ఎర్రటి ఆకు ఎక్కడ అన్నది అతని మనసులో మాత్రమే ఉంటుంది. పని అంతా ముగిసి, కుండలోంచి తీసి కడిగాకే అతనూ తన బొమ్మను రంగుల్లో చూస్తాడు.

వెనక నేల మీద చేసే పని మరొకటి. మొన గిన్నెలా గుంట పడిన చిన్న ఉలిని లోహం మీద పెట్టి ఒక్క దెబ్బ కొడితే ఒక గుండ్రటి పొక్కు లేస్తుంది. దాని పక్కన ఇంకొకటి. చేప గుడ్లు పరిచినట్టు వరసకు వరస, మిల్లీమీటరులో సగం కూడా లేని పొక్కులు బిళ్లంతా నింపుతారు. ఒక్క పొక్కు వంకరపోతే ఆ వరసంతా పాడవుతుంది. దీని పేరు నానాకో. ఈ పనికి ప్రత్యేకంగా మనుషులు ఉండేవారు. బొమ్మ చెక్కినవాడి పేరే బిళ్ల మీద పడేది. నేల పరిచినవాడి పేరు సాధారణంగా ఎక్కడా పడేది కాదు.

పేర్ల దగ్గరికి వచ్చాం కాబట్టి గోతో ఇంటి కథ చెప్పాలి. మూల పురుషుడు గోతో యుజో. 1440లో పుట్టాడు, 1512లో పోయాడు. ఎనిమిదో అషికగా షోగన్ యొషిమసా కొలువులో పనిచేశాడు. అక్కడినుంచి ఆ ఇల్లు పదిహేడు తరాల పాటు పాలకుల ఆస్థాన పనివాళ్లుగా నిలిచింది. షకుదో నేల, నానాకో పొక్కులు, మీద బంగారంతో ఉబ్బెత్తుగా డ్రాగన్లు, సింహాలు, పువ్వులు. ఓబన్ అనే పెద్ద బంగారు నాణేల మీద నల్ల సిరాతో పడే సంతకం కూడా గోతో ఇంటి పెద్దదే. ఇంత పలుకుబడి ఉన్నా మొదటి తరాల వాళ్లు తమ పని మీద పేరు చెక్కుకోలేదు. మనవలు, మునిమనవలు తర్వాతెప్పుడో పరిశీలించి, ఇది ఫలానా తాతగారి చేతి పని అని ధ్రువపత్రాలు రాసిచ్చారు. కొన్నిటి మీద ఆ మాటే చెక్కారు.

సోమిన్‌ది గోతో ఇంటి కింద పనిచేసిన కుటుంబమే. అతను ఆ జీతాన్ని వదులుకుని బయటికొచ్చాడు. ఎదో నగరంలో డబ్బున్న వర్తకులు పెరిగారు. సమురాయ్‌లు కాని వాళ్లు పెద్ద కత్తి కట్టకూడదు గానీ ఒక చిన్న కత్తికి వెసులుబాటు ఉండేది. వాళ్లకు కొలువు మర్యాదలతో పనిలేదు. కొత్తదనం కావాలి. సోమిన్ తన స్నేహితుడు, చిత్రకారుడు హనబుసా ఇచ్చో గీసిన బొమ్మల్ని లోహం మీదికి తెచ్చాడు. ఉలిని ఏటవాలుగా పట్టి, ఒక పక్క లోతుగా, ఇంకో పక్క పైపైన కోస్తూ పోతే ఆ గీత కుంచె గీసినట్టే సన్నగా మొదలై లావై మళ్లీ సన్నబడుతుంది. కుంచె గీతను దిద్దుకోవచ్చేమో గానీ ఉలి గీతను దిద్దుకోలేం. ఆ ధైర్యం అతని పనిలో అడుగడుగునా ఉంది. యసుచిక ఉత్తరాన షోనై నుంచి బతుకుతెరువుకు ఎదో వచ్చినవాడు. అతను ప్రతి బిళ్లకూ ఒక కొత్త లోహం, కొత్త ఆకారం వెతుక్కున్నాడు. వీళ్ల పని కొన్నది కోటలు కాదు, వీధులు. కొలువు కళ నుంచి వీధి కళ విడిపోయిన ఈ ఘట్టం లేకపోతే ఇవాళ మనం మెచ్చుకునే త్సుబాల్లో సగం ఉండేవి కావు.

ఇప్పుడు ముందు గుర్తుపెట్టుకోమన్న చోటుకు వద్దాం. పేరు చెక్కుకునే అలవాటు వచ్చాక పనివాళ్లు దాన్ని ఎక్కడ చెక్కారు? నడిమి కన్నానికి పక్కన, ఆ నున్నని చోటులో. కత్తికి తొడిగి పిడి బిగించగానే రేకు వచ్చి దాన్ని చాలావరకు కప్పేస్తుంది. కత్తి నడుముకు ఉన్నంతకాలం బొమ్మ లోకానికి కనిపిస్తుంది, పేరు కనిపించదు. యజమాని కత్తిని విప్పి నూనె రాసుకునేటప్పుడో, బిళ్ల మార్చేటప్పుడో ఒకసారి బయటపడి మళ్లీ రేకు కిందికి వెళ్లిపోతుంది. ఇది వినయం అని అనేయడం తేలిక. అలా అనను. వేరే చోటు బొమ్మకు కావాలి కాబట్టి అక్కడ పెట్టారన్నదే నిజం కావచ్చు. అయినా అందులో పనివాడి తీర్పు ఒకటి ఉంది. బొమ్మకీ పేరుకీ మధ్య చోటు కోసం పోటీ వచ్చినప్పుడు అతను బొమ్మ పక్షాన నిలిచాడు. గోతో ఇంటి చివరి గొప్పవాడు ఇచిజో, 1791లో పుట్టి 1876 దాకా బతికినవాడు, ఇంకో అడుగు ముందుకు వేశాడు. గోతో ఇంటివాళ్లు ఇనుము మీద పనిచెయ్యడం ఇంటి పరువుకు తక్కువ. అతనికి ఇనుమంటే ఇష్టం. అందుకని ఇనప పని మీద ఇంటి పేరు వాడకుండా హకువో అనే వేరే పేరు చెక్కుకున్నాడు. పేరును మార్చుకున్నాడు గానీ పనిని మానుకోలేదు.

ఇచిజో కన్నుమూసిన 1876లోనే, షోగన్ల తర్వాత వచ్చిన మెయిజి ప్రభుత్వం మార్చి 28న బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించింది. సైన్యం, పోలీసుల వంటివారికి మినహాయింపు. ఒక్క ఉత్తర్వుతో ఒరలు, తాళ్లు, బిళ్లలు, పిడి ఆభరణాలు చేసే వేలాది చేతులకు పని పోయింది. వాళ్లు పూలకుండీలు, ధూపపాత్రలు, పొగాకు సంచుల కొక్కేలు, ఆడవాళ్ల నడుము పట్టీల బిళ్లలు చేశారు. విదేశీ ప్రదర్శనలకు పంపారు. 1828లో క్యోటోలో పుట్టిన కనో నత్సువో అప్పటికే త్సుబా పనిలో పేరుపొందాడు. కొత్త జపాన్‌కు కొత్త నాణేలు కావలసి వచ్చినప్పుడు ప్రభుత్వం అతన్ని పిలిచింది. తొలి యెన్ నాణేల మీది డ్రాగన్ అతని చేతి పని. 1890లో తోక్యో లలితకళా పాఠశాలలో ఆచార్యుడయ్యాడు. కత్తి బిళ్ల మీద నేర్చిన గీత ప్రతి జపనీయుడి జేబులోకీ చేరింది. అందరికీ ఆ అదృష్టం పట్టలేదు.

కత్తులు అటకెక్కాయి. విప్పిన బిళ్లలు బజారుకొచ్చాయి. బోస్టన్ వైద్యుడు విలియం స్టర్జిస్ బిగెలో 1882 నుంచి కొన్నేళ్లు జపాన్‌లో ఉండి సేకరించినవి అక్కడి లలితకళా మ్యూజియానికి చేరాయి. హాంబర్గ్ మ్యూజియంలో జస్టస్ బ్రింక్‌మన్ దగ్గర పనిచేసిన హరా షింకిచి 1902లో జర్మన్‌లో త్సుబా పనివాళ్ల పేర్ల నిఘంటువు వేశాడు. రేకు కింద దాగిన పేర్లన్నీ ఇలా వెలుగులోకి వచ్చాయి. ఆ పని ఆగిపోయాక, ఆ కత్తులు విడిపోయాకే బయటి లోకానికి ఆ పేర్లు చదవడానికి వీలైంది. పేర్లకు ధర వచ్చింది, ధరతో పాటు దొంగ సంతకాలూ వచ్చాయి. సోమిన్ పేరుతో, పేరున్న మరో త్సుబా పనివాడు నొబుయియె పేరుతో ఉన్న వాటిలో చాలా వాటిని నమ్మడానికి వీల్లేదు. అందుకే మంచి సేకరణకర్తలు ముందు పనిని చూడమంటారు, పేరును తర్వాత చదవమంటారు. వాళ్ల మాటతో నాకు పూర్తి ఏకీభావం.

ఈ లోహాలకూ మన తీరానికీ ఒక పాత చుట్టరికం ఉంది. డచ్చి కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టిన కొద్ది ఏళ్లకే, 1609లో, జపాన్‌లోని హిరాదోలో మరో కోఠీ తెరిచింది. 1641 నుంచి నాగసాకిలోని దెజిమా దీవికి పరిమితమైంది. మన కోరమండల్ తీరపు అద్దకం బట్టలు ఆ ఓడల్లో జపాన్ చేరి టీ డబ్బాల సంచులుగా మారి గౌరవం పొందాయి. తిరుగు దారిలో జపాన్ రాగి కడ్డీలు మన తీరానికి వచ్చి నాణేలుగా, గిన్నెలుగా మారాయి. షకుదోలో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా ఉండేది ఆ రాగే. ఇక నల్లని లోహం మీద వెండి పొదిగే పని మనకూ కొత్త కాదు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న బీదర్‌లో జస్తానికి కొంచెం రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టి, నవాసారం కలిపి పట్టిస్తారు. జస్తం నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. ముల్లంగి, చిలుము అక్కడివి. కోట మట్టి, నవాసారం ఇక్కడివి. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని ఆధారం లేదు. లోహంలోంచే రంగు తేవాలన్న ఆలోచన రెండు చోట్లా విడివిడిగా పండింది.

ఈ రంగు పొర మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లో వారసత్వంగా వచ్చిన త్సుబాలను కొందరు మురికి పట్టిందనుకుని పాలిష్ పెట్టి రుద్దారు. కాకి రెక్క నలుపు పోయి వట్టి రాగి బయటపడింది. మన ఇళ్లలో రాగి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుందని మురిసిపోతాం. చెంబుకు అది సరే. త్సుబాకు మాత్రం అది చెయ్యగూడని పని. ఇనప బిళ్లల మీద ఎర్ర తుప్పు పడితే జపాన్‌లో ఎముక ముక్కతోనో కొమ్ము ముక్కతోనో మెల్లగా గీకి, నూలు గుడ్డతో ఎన్నో రోజులు రుద్దుతారు. బిళ్ల మీది ముదురు గోధుమ రంగు కూడా తుప్పే. కానీ అది ఇనుమును తినకుండా కాపాడే తుప్పు. ఏ తుప్పును తీయాలో, ఏ తుప్పును ఉంచాలో తెలియడానికి పనివాడికి ఉన్నంత ఓపిక చూసేవాడికీ కావాలి.

ఈ విద్య పూర్తిగా పోలేదు. కుమమొతోలో హిగో బంగారు పొదుగు పనిని 2003లో జపాన్ ప్రభుత్వం సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. ఇప్పుడు ఎక్కువగా గొలుసు బిళ్లలు, టై పిన్నులు చేస్తున్నారు. ఒకప్పుడు మయెదా ప్రభువులు గోతో పనివాళ్లను రప్పించుకున్న కనజవాలో, లోహం పొదిగే నకగవా మమోరు 2004లో జాతీయ సజీవ నిధి గౌరవం అందుకున్నారు. 1948లో పుట్టిన జపాన్ కత్తుల పరిరక్షణ సంఘం తోక్యోలోని ర్యోగొకులో నడుపుతున్న మ్యూజియంలో అలుగులతో పాటు బిళ్లలు కూడా ప్రదర్శనకు వస్తాయి. పాత బిళ్లలు మాత్రం ఎక్కువగా కత్తుల నుంచి విడిపోయి లోకమంతా చెదిరి ఉన్నాయి.

వాటిని దాచిన మ్యూజియాలకు ఒక మనవి. త్సుబాకు రెండు ముఖాలున్నాయి. పిడి వైపు ముఖం మీద మొదలైన కొమ్మ అంచు దాటి, ఒర వైపు ముఖం మీద పువ్వు పూస్తుంది. ఈ వైపు మనిషి ఉంటే ఆ వైపు అతను చూస్తున్న చంద్రుడు ఉంటాడు. చాలా గదుల్లో బిళ్లను గుడ్డ మీద పరిచి మేకుతో బిగిస్తారు. సగం బొమ్మ గోడ వైపు తిరిగిపోతుంది. కింద ఒక చిన్న అద్దం పెట్టినా, నిలువుగా నిలబెట్టి చుట్టూ తిరగనిచ్చినా చాలు. ఖర్చు పెద్దగా ఉండదు. చూడటానికి వెళ్లే పాఠకులు కూడా అడగండి: రెండో వైపు ఏముందో చూపించమని, నడిమి కన్నం దగ్గర ఎన్ని ఉలి గాట్లున్నాయో దగ్గరగా చూడనివ్వమని. అడిగేవాళ్లు పెరిగితే ప్రదర్శన పద్ధతి మారుతుంది.